అణాకొక దోమకాటు – సర్ రోనాల్డ్ రాస్ జీవితం



మన నడిగడ్డ వాళ్ళకు దోమలు కొత్త కాదు. సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక చేత్తో పుస్తకం పట్టుకొని, ఇంకో చేత్తో కాళ్ళు చరుచుకుంటూ చదివే వాళ్ళం మనం. ఆ దోమ కడుపులోని మలేరియా గుట్టును బయటపెట్టిన శాస్త్రవేత్త సర్ రోనాల్డ్ రాస్. ఆ పని జరిగింది అలంపూర్‌కు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో, సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. కొడుకుకేమో కవిత్వం, సంగీతం, లెక్కలంటే ఇష్టం. తండ్రి మాట కాదనలేక లండన్‌లో వైద్యం చదివారు. ఒక పరీక్ష తప్పారు కూడా. కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేసి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. పరీక్ష తప్పిన ఈయనకే 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. సప్లిమెంటరీ రాసే మిత్రులు గమనించగలరు!

దోమకూ మలేరియాకూ సంబంధం ఉండవచ్చని 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు రాస్‌కు చెప్పారు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాద్ వచ్చారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

మనం దోమలు రాకూడదని దోమతెర కట్టుకుంటాం. రాస్ మాత్రం జ్వరం రోగిని మంచం మీద పడుకోబెట్టి, తెర కట్టి, దోమలను లోపలికి వదిలేవారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రోగికి ఇచ్చేవారు. పదహారు అణాలైతే ఒక రూపాయి. అయితే దోమలు మొండికేసి కుట్టేవి కావు. మంచం, తెర నీళ్ళతో తడిపితే గానీ దారికి రాలేదు. దోమలు చచ్చిన నీళ్ళు తాగితే జ్వరం వస్తుందేమోనని అప్పట్లో ఒక అనుమానం ఉండేది. లచ్‌మన్ అనే యువకుడు ఆ నీళ్ళు కూడా తాగాడు. కొన్నాళ్ళకు కొద్దిగా జ్వరం వచ్చి తగ్గిపోయింది.

ఈ మధ్యలోనే 1895లో బెంగుళూరులో కలరా వ్యాపించింది. దోమల పని ఆపి అక్కడికి వెళ్ళమని ఉత్తర్వులు వచ్చాయి. నగరంలో పారిశుధ్యం పనులు చూసి, 1897లో మళ్ళీ సికింద్రాబాద్ చేరారు. అంతకుముందే నీలగిరుల వైపు వెళ్ళినప్పుడు ఆయనకే మలేరియా వచ్చింది. శత్రువు స్వయంగా వచ్చి పలకరించినట్లయింది.

ఆ ఆగస్టులో బేగంపేటలో విపరీతమైన ఉక్క. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని వేయనిచ్చేవారు కాదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. చివరికి మిగిలిన కంటి అద్దం కూడా పగిలింది. చిన్న చిన్న ఈగలు కళ్ళ మీద వాలేవి. ఈ అవస్థలన్నిటినీ ఆయన తర్వాత నవ్వుతూనే రాసుకున్నారు. హుసేన్ ఖాన్ అనే రోగి అణాల లెక్కన దోమలకు తన రక్తం ఇచ్చాడు. ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో 1897 ఆగస్టు 20న రాస్‌కు మలేరియా క్రిమి కనిపించింది. ఆయన ఆ సంతోషంలో దేవునికి కృతజ్ఞతగా పద్యం రాసుకున్నారు. ఆ తేదీకి దోమల దినం అని ఆయనే పేరు పెట్టారు.

బహుమానంగా ఏం దొరికింది? రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ! అక్కడ మలేరియా దాదాపు లేదు.

1898లో కలకత్తాకు వెళ్ళేసరికి అక్కడ ప్లేగు భయం. టీకాల మీద పుకార్లు పుట్టి అల్లర్లు జరిగాయి. రాస్ వేలికి సూది గుచ్చుతానంటే డబ్బులిస్తానన్నా జనం పారిపోయేవారు. 2021లో కరోనా టీకా వచ్చినప్పుడు మన ఊళ్ళల్లో కూడా కొందరు అలాగే తప్పించుకు తిరిగారు కదా! మనుషులు దొరకకపోతే రాస్ పక్షులను పట్టుకున్నారు. మలేరియా దోమ లాలాజలం ద్వారానే వ్యాపిస్తుందని వాటితోనే నిరూపించారు.

ముసలితనంలో మాత్రం ఆ నవ్వు తగ్గిందనిపిస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో గొడవ, గురువు మాన్సన్‌తో కూడా గొడవ. తన పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలని అర్జీలు పెట్టారు. 1928లో తన కాగితాలు అమ్ముకున్నారు. 1932 సెప్టెంబరు 16న మరణించారు. లోకం తనకు తగినంత కృతజ్ఞత చూపలేదని ఆయన బాధ. కలకత్తాలో ఆయనకు సాయపడిన కిశోరీ మోహన్ బందోపాధ్యాయకు 1903లో బంగారు పతకం అందింది. హుసేన్ ఖాన్‌కు అందినవి అణాలు మాత్రమే.

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం రాస్ పేరుతో ఉంది. ఈసారి హైదరాబాద్ వెళ్ళే మిత్రులు చూసి రండి. హుసేన్ ఖాన్‌ను కూడా ఒకసారి తలుచుకోండి.