హార్వీ కుషింగు: బిడ్డల యెదుగుదలను చదువ నేర్పిన వైద్యుడు

బిడ్డ యీడువారికంటె పొట్టిగా నున్నచో వంశలక్షణమనియు, మిక్కిలి పొడవైనచో దేవుని సృష్టియనియు, లావెక్కినచో మంచి పుష్టియనియు చెప్పుకొని యూరకుండుట లోకమున సామాన్యము. పెక్కుమంది బిడ్డల విషయమున దానివలన నష్టము లేదు. కాని కొలదిమంది విషయమున నది రోగలక్షణము. కాలము మించకముందే గుర్తింపవలసినది. ఆ గుర్తింపును వైద్యలోకమునకు నేర్పినవారిలో అమెరికా దేశీయుడగు హార్వీ కుషింగు అగ్రగణ్యుడు. ఆయన చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

కుషింగు 1869వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీని క్లీవ్‌లాండు పట్టణమున జన్మించెను. తండ్రి, తాత, ముత్తాత యందఱును వైద్యులే. పదిమంది సంతానములో నాయన కడపటివాడు. హార్వర్డు కళాశాలలో వైద్యము నభ్యసించుచున్న దినములలో, ఆయన ఈథరు మత్తు నిచ్చుచుండగా నొక రోగి మరణించెను. పిదప సహాధ్యాయియగు కాడ్మనుతో గూడి, మత్తులోనున్న రోగి నాడిని ఎప్పటికప్పుడు కొలిచి కాగితముపై గుర్తించు పద్ధతిని ప్రారంభించెను. కొలుచుట, వ్రాయుట, మరల కొలిచి పోల్చుట: ఈ యభ్యాసమే ఆయన జీవితమంతటికిని మూలసూత్రమైనది.

1896లో బాల్టిమోరునందలి జాన్సు హాప్కిన్సు ఆసుపత్రిలో చేరి, శస్త్రవైద్యమున హాల్‌స్టెడ్డునకు శిష్యుడై, క్రమముగా మెదడు చికిత్సవైపు మరలెను. మెదడు క్రింద, కపాలపు అడుగు ఎముకలోని గుంటలో బఠాణిగింజంత పీయూషగ్రంథి కలదు. దీని రసము హెచ్చుట యొక తెఱగు రోగమనియు, తగ్గుట మఱియొక తెఱగు రోగమనియు ఆయన 1909లో ప్రతిపాదించెను. ఎముకల కొసలు అతుకుకొనని బాల్యమున రసము హెచ్చినచో బిడ్డ అతికాయుడగును. అతుకుకొన్న పిదప హెచ్చినచో చేతులు, పాదములు, దవడ మాత్రము పెరుగును, ఇదియే అక్రోమెగలీ. బాల్యమున రసము కొఱతపడినచో ఎదుగుదల కుంటుపడి, యౌవనలక్షణములు పొడసూపవు. కుక్కపిల్లలలో నీ గ్రంథిని కొంతభాగము తొలగించి, ఎదుగుదల కుంటుపడుటను ఆయనయు సహచరులును కన్నులార చూచిరి.

అదే సంవత్సరమున లండనులోని హంటరు ప్రదర్శనశాలయందు ఛార్లెసు బర్నను నైర్లండు అతికాయుని కపాలము ఆయన కోరికపై తెఱువబడెను. సుమారు 7 అడుగుల 7 అంగుళముల పొడవుగల యా యువకుడు డబ్బునకై ప్రదర్శింపబడి, 1783లో 22వ యేట మరణించెను. తన దేహమును సముద్రమున ముంచుడని కోరుకొన్నను, అది హంటరు వశమై అస్థిపంజరముగా నిలిచెను. కపాలములో పీయూషగ్రంథి గుంట మిక్కిలి విస్తరించి కానవచ్చెను. నూఱేండ్లకు పైగా జనులు వింతగా చూచినది రోగమని అట్లు తేలెను. ఆ వ్యాధికి కారణమైన వంశపారంపర్య దోషము 2011లో ఆతని దంతములనుండి నిరూపితమైనది. 2023నుండి ఆ యస్థిపంజరమును ప్రదర్శనకు పెట్టుట మానిరి.

1912లో వెలువడిన ఆయన గ్రంథము ఒక్కొక్క రోగి చరిత్రను ఛాయాచిత్రములతో వైద్యుల ముందుంచినది. 1910 మొదలు 1925 వఱకు నాసికామార్గమున 231 పీయూషగ్రంథి శస్త్రచికిత్సలు గావింపగా, మృతులు నూటికి 5.6 మాత్రమే. 1932లో నాయన వివరించిన వ్యాధి నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. అన్నిటికిని పీయూషగ్రంథియే మూలమని ఆయన కొంత యధికముగా నమ్మెను. మూత్రపిండములపై నుండు గ్రంథుల కంతులవలనను అది కలుగునని పిదప స్థిరపడినది. ఈ వ్యాధి బిడ్డకు కలిగినప్పుడు బరువు హెచ్చుచుండగా ఎత్తు పెరుగుట మందగించును. కేవలము తిండివలన లావైన బిడ్డ ఎత్తున సాధారణముగా వెనుకపడదు. బరువును మాత్రము చూచు వైద్యుడు ఈ భేదమును గ్రహింపజాలడు. అట్లే ఎదుగుదల నిలిచిన బిడ్డకు తలనొప్పియు దృష్టిమాంద్యమును తోడైనచో, గ్రంథి చెంత కంతి యున్నదేమోయని విచారింపవలెను.

1927లో టైము పత్రిక వింతప్రదర్శనలలో నుండిన యొక స్త్రీ రూపమును పరిహసింపగా, ఆమె అక్రోమెగలీ రోగిణియనియు, పూర్వము చక్కని రూపవతియనియు తెలుపుచు కుషింగు నిరసనలేఖ వ్రాసెను. శిష్యులయెడ కఠినుడని పేరొందిన యాయన రోగియెడ చూపిన గౌరవమునకు ఇది నిదర్శనము. ఆయన 1939 అక్టోబరు 7వ తేదీని న్యూహేవనులో దివంగతుడయ్యెను.

1958లో మానవుల పీయూషగ్రంథులనుండి తీసిన రసముతో నొక బాలుడు ఎదిగినట్లు ప్రకటింపబడెను; 1985నుండి కృత్రిమముగా చేసినది లభించుచున్నది. కాని ఎముకల కొసలు అతుకుకొన్న పిదప ఏ మందును ఎత్తును పెంపజాలదు. కావున ఏ జబ్బుతో వచ్చిన బిడ్డనైనను వైద్యుడు ఎత్తు, బరువు కొలిచి, తేదీతో వ్రాసి, పూర్వపు లెక్కతో పోల్చవలెనని మేము కోరుచున్నాము. తలిదండ్రులును ఆ లెక్కను అడిగి తెలిసికొనుట మంచిది. పైరు గిడసబారినచో రైతు వేరు త్రవ్వి చూచును. బిడ్డ విషయమున అంతకు తక్కువ శ్రద్ధ తగునా?