కవికోకిల జాషువా గారు – కువైట్‌లో ఒక శుక్రవారం

కువైట్‌లో ఆదివారం పనిదినం. అందుకని ఇక్కడి తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమందిమి శుక్రవారమే ఆరాధనకు చేరుతాం. కొన్నేళ్ళ క్రితం అలాంటి ఒక శుక్రవారం, జీతాలు ఎగ్గొట్టే కఫీళ్ళ మనసు మారాలని నేను కన్నీళ్ళతో ప్రార్థన చేశాను. అందరూ ఆమేన్ అన్నారు. వెనక వరుసలో మా ఇంట్లో వంట చేసే రాజంపేట అక్క కూడా అన్నది. ఆమెకు నేను మూడు నెలల జీతం బాకీ. వచ్చే నెల, వచ్చే నెల అంటూ జరుపుతున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక అటక మీద పుస్తకాలు దింపితే జాషువా గారి ‘ఫిరదౌసి’ చేతికొచ్చింది.

గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ. క్రైస్తవ కుటుంబం. అంటరానివాడని ఊరు ఆయన్ని ఎన్ని అవమానాలు పెట్టిందో మనందరికీ తెలిసిందే. మనం అంతగా చెప్పుకోనిది ఇంకొకటి ఉంది. సంస్కృత కావ్యాలు చదివి, హిందూ పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు కూడా ఆ కుటుంబాన్ని వెలివేశారు. గుడివాళ్ళు రానివ్వలేదు సరే, పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రతివారం బోధించేవాళ్ళకు ఏమొచ్చింది?

పొట్టకూటికి ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరులో లూథరన్ సంఘం వారి శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పారు. 1932లో ‘ఫిరదౌసి’ రాశారు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడు. కవి ముప్పై ఏళ్ళు కష్టపడి షానామా పూర్తిచేస్తే వెండి నాణాలు పంపాడు. చివరికి బంగారం వచ్చేసరికి కవి లేడు, కూతురు ఆ సొమ్ము ముట్టలేదు. చరిత్రకారులు దీన్ని కట్టుకథే అంటారు. కానీ ఒప్పుకున్న జీతం ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి అయినవాళ్ళు గల్ఫ్‌లో చదివితే అలా అనిపించదు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశముంది గనుక, శివుడికి దాని చేతనే కబురు పంపుతాడు ఒక పేదవాడు. వెలివేసిన మతం మీద ఆయన కక్ష పెంచుకోలేదు. 1958లో ‘క్రీస్తు చరిత్ర’ రాశారు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.

మరుసటి రోజు అక్క రాగానే మూడు నెలల దీనార్లూ చేతిలో పెట్టాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి నా ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టుకుంది. తర్వాత కొంగు దోపుకుని, ఈ రోజు ఏం వండమంటారని అడిగింది.