పది డాలర్ల నోటు మీది ఆవిడ

మా అబ్బాయి దగ్గర దాచుకున్న పది డాలర్ల నోటు ఒకటి ఉంది. కెనడాకు 150 ఏళ్లు నిండినప్పుడు, 2017లో వేసిన నోటు. దాని మీద నలుగురి బొమ్మలున్నాయి. అందులో ఉన్న ఒక్క ఆడమనిషి ఎవరని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. పౌరసత్వ పరీక్ష రాసి పాసైనవాణ్ణి, సిగ్గేసింది.

ఆవిడ ఆగ్నెస్ మెక్‌ఫేల్. 1890లో ఒంటారియోలోని గ్రే కౌంటీలో రైతు కుటుంబంలో పుట్టారు. పల్లెటూరి బళ్లలో పాఠాలు చెప్పారు. 1921 ఎన్నికల్లో గెలిచి, కెనడా పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి మహిళ అయ్యారు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. రైతుల కోసం, గని కార్మికుల కోసం మాట్లాడారు. కానీ ఆమె పట్టుబట్టి సాధించిన పని వేరే ఉంది. అది జైళ్ల సంస్కరణ.

నిరుడు వేసవిలో పిల్లలతో కింగ్‌స్టన్ జైలు చూడటానికి వెళ్లాం. 1835లో తెరిచి 2013లో మూసేశారు. ఇప్పుడు టికెట్ కొని చూడొచ్చు. తొలినాళ్లలో ఒక్కో గది వెడల్పు రెండున్నర అడుగులు కూడా లేదు. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గంట కొడితే లేవాలి, గంట కొడితే వరసలో నడవాలి, పని చేయాలి, మళ్లీ గదిలోకి వెళ్లాలి. అన్నిటికన్నా కఠినమైనది మౌనం. పక్కవాడితో మాట్లాడకూడదు, సైగ కూడా చేయకూడదు. తప్పు చేస్తే దెబ్బలు. ఈ మౌన నియమం కొంత సడలినా 1930ల దాకా నడిచింది. 1932 అక్టోబరులో అక్కడ ఖైదీలు తిరగబడ్డారు. వాళ్లు అడిగిన వాటిలో సిగరెట్ చుట్టుకునే కాగితాలు, కాస్త ఆటవిడుపు కూడా ఉన్నాయి.

ఆడవాళ్లను లోపలికి రానివ్వమని గేటు దగ్గర ఆపితే, తాను పార్లమెంటు సభ్యురాలినని చెప్పి మెక్‌ఫేల్ లోపలికి నడిచారని ఇక్కడ చెప్పుకుంటారు. చూసొచ్చి ఊరుకోలేదు. ఖైదీలకు పనికొచ్చే పని, చదువు, మనుషుల్లా చూసే పద్ధతి కావాలని ఏళ్ల తరబడి సభలో అడిగారు. నేరస్తుల మీద జాలేమిటని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఓట్లు తెచ్చిపెట్టే పని కాదది. చివరికి 1936లో ప్రభుత్వం జస్టిస్ ఆర్షంబో అధ్యక్షతన కమిషన్ వేసింది. శిక్ష ఒక్కటే చాలదు, బయటికొచ్చాక బతకడం నేర్పాలని 1938లో ఆ నివేదిక చెప్పింది. యుద్ధం వచ్చి అమలు ఆలస్యమైంది. 1940లో ఆమె సీటు పోగొట్టుకున్నారు. తర్వాత ఒంటారియో శాసనసభకు ఎన్నికయ్యారు. 1954లో కన్నుమూశారు.

మనకు జైలంటే రాజమండ్రి జైలు, స్వాతంత్ర్య సమరయోధులు గుర్తొస్తారు. వాళ్లు వెళితే గౌరవం. మామూలువాడు వెళితే మాత్రం శ్రీకృష్ణ జన్మస్థానమని నవ్వుకుంటాం, చిప్పకూడు అంటాం.

మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబంలో అబ్బాయి కేసులో ఇరుక్కుని కొంతకాలం జైల్లో ఉన్నాడు. ఆ ఏడాది సంక్రాంతికి వాళ్లను ఎవరూ పిలవలేదు. మేమూ పిలవలేదు. అబ్బాయి తిరిగొచ్చాక కూడా ఎవరం ఏమీ అడగలేదు. అది మర్యాద అనుకున్నాం. కింగ్‌స్టన్‌లో ఆ గదుల ముందు నిలబడి మౌన నియమం గురించి వింటున్నప్పుడు నా భార్య నా వైపు చూసింది. ఇద్దరికీ గుర్తొచ్చింది వాళ్లే.

ఇంటికొచ్చాక ఫోన్ చేశాను. వాళ్లమ్మగారు ఎత్తి, కాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు. ఆ ఆదివారం ముగ్గురూ భోజనానికి వచ్చారు. అబ్బాయి మా వాడికి లెక్కలు చెప్పాడు. వెల్డింగ్ కోర్సులో చేరాడట.

మీ ఊళ్లోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండొచ్చు. ఈ పండక్కి ఒకసారి ఫోన్ చేయండి.