ఊరికే తిరిగే చక్రం లేదని తేల్చిన డాక్టరు



గత ఏడాది మన సంఘం నెలవారీ సమావేశం ముగిశాక ఒక సభ్యుడు నన్ను పక్కకు పిలిచి రంగుల కరపత్రం చూపించారు. అందులో ఒక యంత్రం బొమ్మ ఉంది. ఒకసారి చేత్తో తిప్పి వదిలితే చాలు, అయస్కాంతాల బలంతో అదే తిరుగుతూ ఇల్లంతటికీ కరెంటు ఇస్తుందట. డీజిలు వద్దు, బిల్లు రాదు. డీలర్‌షిప్ కోసం గ్రాట్యుటీ సొమ్ములో కొంత కట్టమని ఇంట్లో కుర్రవాళ్లు తొందరపెడుతున్నారనీ, సైన్సు చదివినవాడిగా నా అభిప్రాయం చెప్పమనీ అడిగారు. కట్టవద్దని ఆ పూటే చెప్పాను. ఎందుకు కట్టకూడదో వివరించడానికి మాత్రం ఒక మనిషి కథ అవసరమైంది. ఆ కథే ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

ఆయన పేరు జూలియస్ రాబర్ట్ మాయర్. జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న హైల్‌బ్రాన్ పట్టణంలో 1814 నవంబరు 25న జన్మించారు. తండ్రికి మందుల దుకాణం ఉండేది. చిన్నతనంలో ఆయన వాగులో ఒక నీటిచక్రం అమర్చి, ఆ చక్రంతోనే కిందికి పోయిన నీటిని మళ్లీ పైకి తోడించి, ఆ నీటితోనే చక్రాన్ని ఎడతెగకుండా తిప్పాలని చూశారు. అది సాగలేదు.

ఈ ఆశ ఆ పిల్లవాడికి మాత్రమే పుట్టినది కాదు. 1150లో మన భాస్కరాచార్యులు సిద్ధాంత శిరోమణిలో, పాదరసం నింపిన ఆకులతో తనంతట తానే తిరిగే చక్రాన్ని వర్ణించారు. ఐరోపాలో ఇటువంటి యంత్రాల ప్రతిపాదనలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, పారిస్‌లోని సైన్సు అకాడమీ 1775లో ఇకమీదట వాటిని పరిశీలించేది లేదని తీర్మానించింది. అయితే దాని వెనుక ఉన్న ప్రకృతి నియమం ఇంకా తేటపడలేదు.

మాయర్ ట్యూబింగెన్‌లో వైద్యం చదివి, 1840లో డచ్చివారి ఓడలో డాక్టరుగా జావాకు వెళ్లారు. అక్కడ జబ్బుపడిన నావికులకు, ఆనాటి పద్ధతి ప్రకారం సిర కోసి రక్తం తీసినప్పుడు, ముదురు రంగులో ఉండవలసిన రక్తం ఎర్రగా వచ్చింది. ధమని తెగిందేమోనని ఆయన కంగారుపడ్డారు. తరువాత ఆలోచించగా, ఉష్ణదేశంలో ఒంటి వేడి నిలుపుకోవడానికి శరీరం తక్కువ ఆహారాన్ని దహిస్తే చాలుననీ, అందుకే రక్తంలోని ప్రాణవాయువు తక్కువ ఖర్చవుతుందనీ తోచింది. మరి తిన్న తిండి నుంచే ఒంటి వేడీ, చేసే పనీ రెండూ రావాలి గదా! మన జమాఖర్చుల పుస్తకంలో లాగానే ఇక్కడా లెక్క సరిపోవాలి. వేడి, చలనం ఒకటి మరొకటిగా మారతాయే గాని, ఏమీ లేనిచోట పుట్టవు, ఉన్నవి మాయం కావు.

1841లో ఈ సంగతి రాసి ఒక పేరున్న పత్రికకు పంపితే సంపాదకుడు జవాబైనా ఇవ్వలేదు. ఆ వ్యాసంలో భౌతికశాస్త్రపు తప్పులు ఉన్నమాట నిజమే. మరుసటి సంవత్సరం కొత్తగా రాసిన వ్యాసాన్ని రసాయన శాస్త్రవేత్త లీబిగ్ తన పత్రికలో వేశారు. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి, అంతే బరువు సుమారు 365 మీటర్ల ఎత్తు నుంచి పడినంత పని కావాలని అందులో లెక్కకట్టారు. నేటి లెక్క సుమారు 427 మీటర్లు. అంకె తగ్గింది గాని, దారి సరైనదే.

అయినా పేరు రాలేదు. మాంచెస్టర్‌లో జౌల్ 1843 నుంచి విడిగా ప్రయోగాలు చేసి ఇదే సత్యాన్ని రుజువు చేశారు. ఎవరు ముందన్న వివాదంలో మాయర్‌కు అవహేళన మిగిలింది. 1848లో ఇద్దరు బిడ్డలు పోయారు. 1850లో ఆయన కిటికీలోంచి దూకారు. ప్రాణం దక్కింది గాని కాళ్లు దెబ్బతిన్నాయి. ఆ తరువాత మానసిక చికిత్సాలయంలో కుర్చీకి కట్టివేసే వైద్యం కూడా అనుభవించారు. 1858లో లీబిగ్ ఒక ఉపన్యాసంలో ఆయన చనిపోయినట్లే చెప్పారు. బతికే ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే మనకు ఆ బాధ ఎవరూ వివరించనక్కరలేదు.

1862లో లండన్‌లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త నిండు సభలో మాయర్ కృషిని చాటారు. 1870లో జౌల్‌కు కాప్లీ పతకం ఇచ్చిన రాయల్ సొసైటీ, 1871లో అదే పతకాన్ని మాయర్‌కు ఇచ్చింది. 1878 మార్చి 20న పుట్టిన ఊళ్లోనే ఆయన క్షయవ్యాధితో కన్నుమూశారు.

ఇంతా విని మన సభ్యుడు, భూమి ఏనాటి నుంచో తిరుగుతూనే ఉంది గదా అన్నారు. మంచి ప్రశ్నే. తిరగడం వేరు, తిరుగుతూ మనకు పని చేసిపెట్టడం వేరు. అడ్డు లేనంతవరకు తిరిగే వస్తువు తిరుగుతూనే ఉండవచ్చు. దాని నుంచి పని తీసుకుంటే నెమ్మదించక తప్పదు. ఆటుపోట్ల రాపిడి వల్ల భూమి తిరుగుడు కూడా బహు స్వల్పంగా తగ్గుతూనే ఉంది. ఇక అయస్కాంతం, దగ్గరకు లాగేటప్పుడు ఇచ్చినదంతా దూరం జరిగేటప్పుడు తిరిగి వసూలు చేసుకుంటుంది. చుట్టు పూర్తయ్యేసరికి మిగులు సున్న. మాయర్ చూపిన ఈ జమాఖర్చే ఉష్ణగతిశాస్త్రంలో మొదటి నియమం.

సముద్రంలో ఉన్న వేడితోనే ఓడ నడపవచ్చు గదా అంటే, దానికి మొదటి నియమం అడ్డురాదు, రెండవది అడ్డుతుంది. 1824లో కార్నో, 1850లో క్లాసియస్ తేల్చినది అదే. వేడితో యంత్రం నడవాలంటే, కొంత వేడిని ఇంకా చల్లనిచోట వదలక తప్పదు.

మన సభ్యుడు డబ్బు కట్టలేదు. కుర్రవాళ్లు కొన్నాళ్లు ముఖాలు ముడుచుకున్నారట. మీ ఇంటికీ అటువంటి కరపత్రం వస్తే, అమ్మేవారిని ఒక్కటే అడగండి. తీగ, బ్యాటరీ ఏవీ తగిలించకుండా, నాలుగు ఫ్యాన్లు తిప్పుతూ నెలరోజులు మా ఎదుట నడిపించి అప్పుడు డబ్బు తీసుకోమనండి. ముప్పై ఏళ్ల సర్వీసు చేసి కూడబెట్టిన సొమ్ము కూడా ఏమీ లేనిచోట పుట్టినది కాదు గదా!

సెలవు.