యంత్రము గొంతు తెలిసిన వనిత – ఎమీ జాన్సన్

ఆకాశమున విమానము పోవుచుండగా తలయెత్తి చూడని వారుండరు. దానిని నడిపేవారి ధైర్యమును అందరమూ మెచ్చుకొంటాము. ఆ విమానము నేలకు దిగిన తరువాత నూనెగుడ్డ చేతబట్టుకొని దాని యంత్రమును విప్పి చూచేవారి సంగతి మాత్రము మనకు తట్టదు. ఈ రెండు పనులూ నేర్చి, 1930లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియా వరకు ఒంటరిగా ఎగిరి వెళ్ళిన ఒక వనిత చరిత్రను ఈ ఉగాది సంచికలో మన సంఘ సభ్యులకు వినిపించదలచినాము. ఆమె పేరు ఎమీ జాన్సన్. మేము రైల్వేలో గుమాస్తా పని చేసికొనేవారము. ఆమె కూడా ఒకప్పుడు కచేరీలో కాగితాలు టైపు చేసిన మనిషే. అందుచేత ఆమెపై మాకు అభిమానము ఒక పాలు ఎక్కువ.

ఎమీ 1903 జూలై 1వ తేదీన ఇంగ్లండులోని హల్ రేవు పట్టణములో పుట్టినది. తండ్రిది చేపల వర్తకము. షెఫీల్డు విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొని, లండను చేరి, ఒక న్యాయవాదుల కచేరీలో ఉద్యోగము సంపాదించినది. ఊరి వెలుపల అప్పట్లో స్టాగ్ లేన్ అనే విమానాల మైదానము ఉండేది. 1928లో అక్కడి క్లబ్బులో చేరి విమానము నడుపుట మొదలుపెట్టినది. పని త్వరగా పట్టుబడలేదు. ఇతరులు ఎనిమిది పది గంటల శిక్షణతో ఒంటరిగా ఎగిరితే, ఆమెకు సుమారు పదహారు గంటలు పట్టినవి. అయినా విడిచిపెట్టలేదు. 1929 జూలైలో లైసెన్సు చేతికి వచ్చినది.

అంతటితో చాలుననుకొంటే మనము ఈనాడు ఆమెను గూర్చి చెప్పుకొనేవారము కాము. మైదానము ప్రక్కనే మరమ్మతుల షెడ్డు ఉండేది. అది మగవారి రాజ్యము. ఎమీ అందులో అడుగుపెట్టి, అక్కడి పెద్ద ఇంజనీరు జాక్ హంఫ్రీస్ వద్ద పని నేర్చుకొన్నది. భాగాలు కడిగినది, బోల్టులు బిగించినది, యంత్రాలను విప్పి మళ్ళీ కూర్చినది. తోటి పనివారు ఆమెను మగపిల్లవానివలె జానీ అని పిలువసాగినారు. 1929 డిసెంబరులో ప్రభుత్వమువారి గ్రౌండు ఇంజనీరు లైసెన్సు పుచ్చుకొన్నది. బ్రిటిషు స్త్రీలలో ఆ లైసెన్సు పొందిన మొదటి మనిషి ఆమెయే.

ఈ విద్య ఎందుకింత విలువైనదో చెప్పాలంటే మా రైళ్ళ సంగతితో మొదలుపెట్టవలెను. వెనుకటి రోజులలో బండి స్టేషనులో ఆగగానే ఒక మనిషి పొడుగు కామ సుత్తితో చక్రాలను తట్టుకొంటూ పోయేవాడు. మంచి చక్రము గంటవలె ఖంగుమనేది. బీటవారిన చక్రము బొంగురుగా పలికేది. కంటికి కనబడని బీట చెవికి దొరికేది. చిన్న విమానములోనూ చెవే మొదటి కాపలాదారు. ఎమీ నడిపిన విమానపు యంత్రానికి నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క దానికి రెండేసి ప్లగ్గులు. వాటికి నిప్పురవ్వ నందించుటకు రెండు వేరు వేరు మాగ్నెటోలు. ఎగురబోయే ముందు యంత్రమును నడిపించి, ఒక మాగ్నెటోను ఆపి వినవలెను. వేగము కొద్దిగా తగ్గుట సహజమే. మరీ తగ్గి యంత్రము వణకినదంటే, పనిచేస్తూ మిగిలిన మాగ్నెటోలో గాని, దాని ప్లగ్గులలో గాని దోషమున్నదన్నమాట. యంత్రమును ఆపిన వెంటనే సిలిండర్లను చూస్తే, తక్కినవి కాలుచుండగా ఏది చల్లగా ఉన్నదో అది పనిచేయుట లేదని తెలియును. యంత్రపు నడకతో కలిసి టిక్కు టిక్కుమని వినబడితే కవాటాల సందు పెరిగినదేమో కొలిచి చూడవలెను. ఆగి ఆగి దగ్గుతున్నదంటే పెట్రోలులో నీరో నలుసో చేరినదని అనుమానించవలెను. అందుకే పెట్రోలును మెత్తని తోలుగుండా వడకట్టి పోసేవారు. యంత్రము సరిగా నడుస్తూనే విమానమంతా అదరిపోతే ప్రొపెల్లరును తడిమి చూడవలెను. రోగికి నాడి చూచినట్లే ఇదంతా.

ఆస్ట్రేలియా యాత్రకై ఎమీ ఒక పాత జిప్సీ మాత్ విమానమును 600 పౌనులకు కొన్నది. సగము సొమ్ము తండ్రి ఇచ్చినాడు. తక్కిన సగము వేక్‌ఫీల్డు ప్రభువు ఇచ్చినాడు. తండ్రి వర్తకపు ముద్ర పేరైన జేసన్ అనునదే విమానము పేరైనది. చెక్క చట్రము, దానిపై గుడ్డ, ముందొక చిన్న యంత్రము – ఇదీ ఆ వాహనము. అంతకు ముందు ఆమె చేసిన అతి దూర ప్రయాణము లండను నుండి హల్ వరకే. 1930 మే 5న క్రాయిడను మైదానము నుండి బయలుదేరినది.

బాగ్దాదు దారిలో ఇసుక తుఫాను విమానమును వేల అడుగులు క్రిందికి నెట్టివేసినది. ఎడారిలోనే దించి, చక్రాలు దొర్లకుండ తన సామానును అడ్డుపెట్టి, ఇసుక చొరకుండ యంత్రానికి గుడ్డ కప్పి, గాలి తగ్గువరకు కాచుకొని కూర్చున్నది. బాగ్దాదులో దిగగా చక్రాల ఊతకడ్డీ విరిగినది. దానిని బాగుచేయించుకొని పోతే బందరు అబ్బాసులో మళ్ళీ అక్కడే దెబ్బతిన్నది. పేరు వింటే మన బందరు జ్ఞప్తికి వచ్చును గాని, అది పారశీక దేశపు రేవు. అయినా మే 10న కరాచీ చేరినది. అంతకు ముందు హింక్లర్ అనే వైమానికుడు ఇండియా చేరుటకు ఎనిమిది రోజులు తీసికొన్నాడు. ఎమీకి ఆరు రోజులే పట్టినవి.

అక్కడినుండి అలహాబాదు పోవలసిన ఆమె, పెట్రోలు చాలక ఝాన్సీలో సిపాయిల కవాతు మైదానములో దిగినది. రెక్కకు తగిలిన దెబ్బను అక్కడి వడ్రంగి సరిచేసినాడు. మరునాడు కలకత్తా, అటుపైన బర్మా. రంగూను దగ్గర వానమబ్బులలో దారి తెలియక ఇన్‌సీన్ అనుచోట సాంకేతిక విద్యాలయపు ఆటస్థలములో దిగగా విమానము గోతిలో పడినది. ప్రొపెల్లరు విరిగినది, రెక్క చిరిగినది. విమానము ప్రక్కకు కట్టి తెచ్చుకొన్న రెండవ ప్రొపెల్లరు అప్పుడు అక్కరకు వచ్చినది. రెక్కకు గుడ్డ ఎక్కడిది? మొదటి యుద్ధము తరువాత మిగిలిన విమానపు గుడ్డతో అక్కడ కొందరు చొక్కాలు కుట్టించుకొని ఉండిరి. ఆ చొక్కాలను విప్పి రెక్కకు అతికినారు! విద్యాలయమువారు, విద్యార్థులు తలకొక చేయి వేసినారు. మే 16న ఆమె మళ్ళీ గాలిలోకి లేచినది. జావాలో వెదురు గుంజలు గ్రుచ్చుకొని రెక్కకు చిల్లులు పడితే, గాయాలకు వేసే అంటుపట్టీలే అతికించి ముందుకు సాగినది.

1930 మే 24న డార్విన్ నగరము చేరినది. సుమారు 11,000 మైళ్ళు; ఇరువది రోజులకు కొంచెము తక్కువ. ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీ ఎమీయే. హింక్లర్ మొత్తము ప్రయాణమునకు పట్టిన కాలమును మాత్రము ఆమె దాటలేకపోయినది. దారిలో విరిగినవన్నీ లెక్క వేసికొంటే, చేరుటయే గొప్ప అని మాకు తోచును.

తరువాత 1931లో తన గురువు హంఫ్రీస్‌తో కలిసి టోకియో వరకు, 1932లో ఒంటరిగా కేప్‌టౌనుకు ఎగిరినది. రెండవ యుద్ధములో విమానాలను ఒకచోటినుండి మరొకచోటికి చేర్చే దళములో చేరినది. 1941 జనవరి 5న దట్టమైన మబ్బులలో దారి తప్పి, థేమ్సు నది ముఖద్వారమున నీటిలో పడి మరణించినది. ఆమెను రక్షింపబోయి నీట దుమికిన నౌకాధికారి ఫ్లెచర్ కూడా ప్రాణము కోల్పోయినాడు. ఆమె దేహము దొరకలేదు. అప్పటికి ఆమె వయస్సు 37 సంవత్సరాలే. ఎంత నేర్పరి అయినా మబ్బును విప్పి బాగుచేయలేరు కదా! జేసన్ విమానము మాత్రము నేటికీ లండను సైన్సు మ్యూజియములో ఉన్నది.

సోదర సోదరీమణులారా! పొట్ట చేతబట్టుకొని ఈ పరాయి ఊళ్ళకు వచ్చిన మన పెద్దలలో ఎందరో కొలిమి దగ్గర, వర్కుషాపులలో, ఇంజను షెడ్డులలో చేతులు నల్లచేసికొని మనలను చదివించినారు. చదివిన మనము కుర్చీ దొరకగానే ఆ నూనె మరకను చూచి ముఖము త్రిప్పుకొంటున్నాము. ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టుకొంటే ఇదేమి పని అని గదమాయిస్తున్నాము. ఎమీ బి.ఏ. చదివినది, కుర్చీలో కూర్చున్నది; కాని షెడ్డులో నేర్చిన విద్యే ఆమెను ఎడారి దాటించినది. ఈ క్రొత్త సంవత్సరములో మన ఇండ్లలో ఏ పిల్లయైనా ఆగిపోయిన గడియారమునో, మూల్గుతున్న ఫ్యానునో విప్పి కూర్చుంటే, కసురక ప్రక్కన దీపము పట్టుకొని నిలబడుదము. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.