చీపుళ్లతో సమ్మె గెలిపించిన తల్లి

చీపురుకట్టతో ఇల్లు ఊడవడమే కాదు, సమ్మెలు కూడా గెలవొచ్చని చూపించిన మహాతల్లి ఒకరున్నారు. ఆవిడ పేరు మేరీ హారిస్ జోన్స్. అమెరికా బొగ్గుగని కార్మికులకి మాత్రం ఆవిడ మదర్ జోన్స్.

1837లో ఐర్లండులోని కార్క్ నగరంలో పుట్టింది. కరువు తరిమితే ఆ కుటుంబం కెనడా చేరింది. మేరీ టీచరు పనికి చదువుకుంది, కుట్టుపనీ నేర్చుకుంది. తర్వాత అమెరికా వెళ్లి, మెంఫిస్‌లో ఇనుము పోతపోసే కార్మికుడు జార్జి జోన్స్‌ని పెళ్లాడింది. నలుగురు పిల్లలు. 1867లో ఆ ఊళ్లో ఎల్లో ఫీవర్ చెలరేగింది. భర్తా, నలుగురు బిడ్డలూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. అప్పటికి ఆవిడకి ముప్పయ్యేళ్లు! షికాగో వెళ్లి బట్టలు కుట్టుకుని బతుకుతుంటే, 1871 నాటి అగ్నిప్రమాదంలో ఆ కుట్టుకొట్టూ బూడిదైపోయింది.

ఆ తర్వాత ఆవిడకి సొంత ఇల్లంటూ లేదు. యునైటెడ్ మైన్ వర్కర్స్ సంఘం తరఫున గనులున్న ఊళ్లన్నీ తిరిగింది. నల్లగౌను, నెరిసిన జుట్టు. చూడ్డానికి ఎవరింటి బామ్మో అనిపించేది.

1899లో పెన్సిల్వేనియాలోని ఆర్నాట్‌లో సమ్మె జరుగుతోంది. నెలలు గడిచేకొద్దీ మగవాళ్లు డీలాపడ్డారు. అప్పుడావిడ ఏం చేసిందో తెలుసా? మగవాళ్లని ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకోమంది. ఆడవాళ్లని చీపుళ్లు, బకెట్లు, తపేలాలతో గని దగ్గరికి పంపింది. ఆ మోతకి బొగ్గుబళ్లు లాగే కంచరగాడిదలు బెదిరిపోయాయి. సమ్మె విరగ్గొట్టడానికి వచ్చినవాళ్లూ వెనక్కి తగ్గారు. 1900లో కార్మికులే గెలిచారు. కూలి ఆగిపోయినా పొయ్యి వెలిగించాల్సింది ఇల్లాలే కదా! ఆమె నిలబడితేనే సమ్మె నిలుస్తుందన్న సంగతి మదర్ జోన్స్ పట్టుకుంది.

1903లో మిల్లుల్లో పనిచేసే పిల్లల్ని వెంటబెట్టుకుని, ఫిలడెల్ఫియా నుంచి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వేసవి విడిదికి యాత్ర చేసింది. ఆయన కలవలేదు. కానీ పసివాళ్ల కష్టం దేశమంతా చూసింది. 1913లో వెస్ట్ వర్జీనియా గనుల సమ్మెలో సైనిక కోర్టు ఆవిడకి 20 ఏళ్ల శిక్ష వేసింది. గొడవ పెద్దదవడంతో 85 రోజులకే వదిలేశారు.

స్త్రీల ఓటుహక్కు మీద మాత్రం ఆవిడకి పెద్ద గురి లేదు. ముందు తిండి, కూలి ముఖ్యమనేది. ఆ మాట మనం ఒప్పుకోకపోయినా, ఆవిడ తెగువని ఒప్పుకోక తప్పదు.

1930 నవంబరు 30న కన్నుమూసింది. కోరుకున్నట్టే ఇల్లినాయ్‌లోని మౌంట్ ఆలివ్‌లో, గనికార్మికుల శ్మశానంలోనే సమాధి చేశారు. కన్నబిడ్డ ఒక్కరూ మిగలని ఆ తల్లిని సాగనంపడానికి వేలమంది వచ్చారు.