ఇంగ్లిష్ నవల చదివి తెలుగు నవల రాసిన మాస్టారు



డికెన్స్ కాలం నాటి ఇంగ్లిష్ నవలలు మన పిల్లలకు ఎందుకని మీలో కొందరు అడుగుతున్నారు. లండన్ చలి, గుర్రపు బళ్లు, పేరాలకు పేరాలు సాగే వాక్యాలు పొదిలి పిల్లలకు దేనికన్నది న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లిష్ వస్తుందంటే ఎంత కష్టమైనా చదివించండి అనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటల మధ్య దారి చూపిన మాస్టారు కందుకూరి వీరేశలింగం గారు.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోతే పెదనాన్నగారు పెంచారు. ఇంగ్లిష్ చదువుకుని కోరంగిలో, ధవళేశ్వరంలో పాఠాలు చెప్పారు. తర్వాత రాజమండ్రిలో తెలుగు పండితులయ్యారు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు.

అప్పటికి తెలుగులో నవలలు లేవన్నట్టే. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఆయన చదివారు. ఆస్తి పోగొట్టుకుని కుటుంబంతో కష్టాలు పడ్డ ఒక పల్లెటూరి మతగురువు కథ అది. దాన్ని తెలుగు చేయబోయి, తృప్తి కలగక మానేశారు. ఇంగ్లిష్ పుస్తకం కదా అని మక్కికి మక్కి దించలేదు, పరాయిదని పక్కన పడేయనూ లేదు. ధవళేశ్వరంలో రాజశేఖరుడనే పెద్దమనిషిని నిలబెట్టి సొంత కథ రాశారు. పొగడ్తలతో చుట్టూ చేరేవాళ్లు, పెళ్లి ఖర్చులు, బంగారం చేస్తానని మోసగించే బైరాగి, మూఢనమ్మకాలు అన్నీ మన సమాజంలోవే. 1878లో వివేకవర్ధనిలో వచ్చిన ఆ 'రాజశేఖర చరిత్రము' 1880లో పుస్తకమైంది. అనుకరణ అన్నవాళ్లూ లేకపోలేదు. కానీ 1887లో దాని ఇంగ్లిష్ అనువాదం 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో లండన్‌లోనే అచ్చయింది.

ఆయన రాతలతో ఆగలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. ఊళ్లో చాలామంది ఎదురుతిరిగినా భార్య రాజ్యలక్ష్మమ్మగారు అండగా నిలిచారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు.

గైడులోని సారాంశం బట్టీపడితే మార్కులు రావచ్చు, కథ మాత్రం పిల్లలకు అందదు. అందుకే ఈ నెల ఒక పని చేయండి. రాత్రి అన్నాల దగ్గర పాఠంలోని కథను తెలుగులో చెప్పమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. ఇలాంటి మనిషి మన ఊళ్లో ఉన్నాడా అని అడగండి. ఆలివర్ ట్విస్ట్ ఇంకాస్త గంజి అడగడం ఏ పిల్లవాడికైనా అర్థమవుతుంది. డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌లో అప్పులతో సతమతమయ్యే మికాబర్ గురించైతే, మిర్చి ధర పడిపోయిన ఏడాది చూసిన మీరే మాకంటే బాగా చెప్పగలరు.

పిల్లలు కథ చెప్పలేక తడబడితే డైరీలో రాసి పంపండి. ఆ పాఠం క్లాసులో మళ్లీ చెబుతాం.